తల మీద చెయ్యి

పోయిన వారం అష్ఫాక్‌ను గూడూరు నిమ్మకాయల మండీలో, కిందికి దించిన షట్టరు వెనక వదిలేసి వచ్చాం. మనం వారం రోజులు తిని తిరిగాం గానీ వాడు అక్కడే ఉన్నాడు. అయినా లోపలికి పోయేముందు, దారిలో కలిసినవాళ్లకు కథ ఎక్కడుందో చెప్పకపోతే మర్యాద కాదు.

గంజాయి సంచీతో, కడుపులో మత్తు మాత్రలతో పట్టుబడిన అష్ఫాక్‌ను జడ్జిగారు జైలుకు పంపలేదు. వయసు చూసి, తల్లిని చూసి, ప్రొబేషన్ మీద వదిలారు. వదిలారంటే గాలికి వదిలెయ్యడం కాదు. నందిని అనే ప్రొబేషన్ ఆఫీసరు తిరుపతి నుంచి వారంలో ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపడుతుంది. పొద్దు పోయాక వాడు గడప దాటకూడదు. పాత సావాసాల జోలికి పోకూడదు. పని మానకూడదు. శుక్రవారం సాయంత్రం ఆమె ఇచ్చిన సీసాలో మూత్రం పట్టి ఇవ్వాలి. అందులో మత్తు జాడ కనబడితే బాండు రద్దు, నేరుగా జైలు. ఇంతకుముందొకసారి కనబడింది. జడ్జిగారికి నచ్చజెప్పి నందినే వాణ్ని కాపాడింది. ఇంకోసారి తన చేతుల్లో ఉండదని ముఖం మీదే చెప్పింది.

అదే మండీలో నిస్సార్ అని ఇంకొకడున్నాడు. వాడూ ఆమె కింద ప్రొబేషన్‌లో ఉన్నవాడే. ఒక్క పరీక్ష తప్పలేదు, ఒక్క పూట పని మానలేదు. నందినికి వాడంటే ఎంత గురి అంటే, అష్ఫాక్‌ను తీసుకొచ్చి వాడి చేతిలో పెట్టి, తమ్ముడనుకుని చూసుకోమని అప్పగించింది. ఆ నిస్సారే, మండీ యజమాని కృష్ణమూర్తి భోజనానికి వెళ్లగానే, జుమ్మా నమాజుకు కలిసి పోదాం రమ్మని అష్ఫాక్‌ను పిలిచి షట్టరు దించాడు. బయటి నుంచి కాదు, లోపలి నుంచి. అంతకు ముందురోజే అష్ఫాక్, తమిళనాడుకు పోయే బస్తా మూతి కుడుతూ, నిమ్మకాయల కింద గంజాయి పొట్లాలు చూశాడు. చూసి, ఏమీ చూడనట్టు కుట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇక లోపలికి పోదాం.

షట్టరు పడగానే రేకుల కప్పు వేడి, నిమ్మకాయల ఘాటు కలిసి అష్ఫాక్ మొహానికి కొట్టాయి. రాశి పక్కన బస్తా మీద నరేంద్ర కూర్చుని ఉన్నాడు. సత్యవేడు వైపు తోటలున్న పెద్దింటి బిడ్డ. ఎంత ఎండలోనైనా వాడి తెల్లచొక్కా మీద చెమట మచ్చ ఉండదు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. అష్ఫాక్ వాడి సంచులు మోసిన రోజుల్లో కూడా 'తమ్ముడూ' అనే పిలిచేవాడు. అలా పిలిపించుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

"కూర్సో తమ్ముడూ. ఎండన పడి పని సేస్తాండావు, అలిసిపోయింటావు" అన్నాడు నరేంద్ర.

"నమాజుకు పోవాల నరేంద్రన్నా."

"పోదువులే, దేవుడు యాడికీ పోడు. ఒక మాట అడుగుతా, నిజం సెప్పు. ఆ మేడం మీ ఇంట్లో అంతసేపు ఏం మాట్లాడతాది?"

"ఏం లేదన్నా. పనికి పోతాండానా, రేత్రి ఇంట్లో ఉంటాండానా అని అడుగుతాది. సీసా ఇస్తాది, పోతాది."

"నిస్సార్‌ని అయితే వాకిట్లో నిలబడి అడిగి పోతాది. మీ ఇంట్లో సాప మీద కూర్సొని అన్నం గూడా తిన్నదంట."

"మా అమ్మీ ఊరుకోదన్నా. ఇంటికి వచ్చినోళ్లని ఉత్తనోటితో పంపదు."

మాట పూర్తి కాకముందే వెనక నుంచి మోకాలి మడతల మీద దెబ్బ పడింది. అష్ఫాక్ బోర్లా నిమ్మకాయల రాశి మీద పడ్డాడు. లేవబోతే నిస్సార్ వాడి మెడ మీద కాలు పెట్టి తొక్కాడు. మొహం కింద పండ్లు చిట్లి రసం కళ్లలోకి, ముక్కులోకి పోయింది. వాడు అరిచాడు. పట్టపగలు, ఊరి మధ్యలో, గోడకు అవతల లారీలు హారన్లు కొడుతుంటే అరిచాడు. ఆ అరుపు రేకులకు తగిలి వాడి చెవుల్లోకే తిరిగి వచ్చింది.

"పొట్లాలు సూసినావు" అన్నాడు నరేంద్ర. "నిస్సార్ కనిపెట్టినాడులే, నీ సెయ్యి కుట్టు మధ్యలో ఆగిందంట. సూసినందుకు నాకు కోపం లేదబ్బా. ఆమెకు సెప్పినావా లేదా, అంతే."

"చెప్పలేదన్నా. అల్లా మీద ఒట్టు."

నరేంద్ర కనుసైగ చేశాడు. నిస్సార్ వాడి కుడిచేతిని లాగి బస్తా మీద పరిచి, మోకాలితో అదిమిపెట్టాడు. బస్తా మూతులు కుట్టే దబ్బనం తీశాడు. జానెడు పొడవు, కొన దగ్గర కాస్త వంపు. అష్ఫాక్ రోజూ పట్టుకునే పనిముట్టే అది. దాన్ని వాడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో గుచ్చి, గోనె గుడ్డలో దించినట్టు అవతలికి దించాడు. అష్ఫాక్ నోట్లోంచి ఈసారి అరుపు కూడా రాలేదు. ఊపిరి ఆగిపోయి, కాళ్లు మాత్రం కొట్టుకున్నాయి.

నరేంద్ర లేచి వచ్చి, చిట్లిన కాయ ఒకటి ఏరి, ఆ గాయం మీద నిదానంగా పిండాడు.

అప్పుడు వచ్చింది అరుపు. నిస్సార్ తువ్వాలు వాడి నోట్లో కుక్కి, అది తగ్గేదాకా ఆగి, మళ్లీ తీశాడు.

"చెప్పలేదు" అన్నాడు అష్ఫాక్. ఏడుపులో మాటలు సరిగా పెగలడం లేదు. "చెప్పింటే ఈపాటికి పోలీసులు రారా అన్నా?"

"అవకాశం కోసం సూస్తాంటారేమో. నువ్వు వాళ్ల మనిషివని మీ వీధంతా సెప్పుకుంటాండారు గదా."

"ఎవురన్నారు?"

నిస్సార్ నవ్వాడు. "ఇంకెవురు, మీ అమ్మీనే. కొళాయి కాడ మా అమ్మతో చెప్పింది ఖాలా. 'మావోడికి గవర్నమెంటు పని దొరికింది. మేడం వాడి దగ్గరికే పని మీద వస్తాది. వాడు చెప్పందే ఆమె పని నడవదు' అనింది. ఎందరు విన్నారో అడుగు."

అష్ఫాక్‌కు చేతి నొప్పి ఒక్క క్షణం మాయమైంది. తల్లి అలా అని ఉంటుందని వాడికి వెంటనే తెలిసిపోయింది. వాడి నాయన రేకు పెట్టెలు చేసేవాడు. గూడూరులో ఏ ఇంట నిఖా అయినా పెట్టె ఆయన కొట్టు నుంచే పోయేది. ఆయన భార్యగా రహమత్ బీ వీధిలో తలెత్తుకుని నడిచింది. కొడుకు చేతులకు బేడీలు పడ్డ రోజు నుంచి కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె కోసం జరగడం మానేశారు. అటువంటి వీధిలోకి గవర్నమెంటు బండిలో, గంజి పెట్టిన చీర కట్టుకుని, ఒక ఆఫీసరమ్మ వారం వారం తన ఇంటికే వస్తుంటే, 'నా కొడుకు దొంగ కాబట్టి వస్తోంది' అని ఏ తల్లి చెప్పుకుంటుంది? పరువు కోసం ఒక అబద్ధం ఆడింది. నన్నడిగితే ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ అబద్ధం వచ్చి కొడుకు చేతిలో దిగింది, అంతే.

"అమ్మీ అబద్ధం చెప్పింది" అన్నాడు అష్ఫాక్. ఆ మాట అన్నందుకు వాడికి సిగ్గుతో ఇంకా ఏడుపొచ్చింది.

"సూసినావా నిస్సారూ, పానం మీదికొస్తే కన్నతల్లిని గూడా అబద్ధాలకోరు అంటాడు."

"నీకూ ఇదే మేడం గదా నిస్సారన్నా" అన్నాడు అష్ఫాక్ మెడ తిప్పి. "నువ్వూ ఇదే బాండు మీద ఉండావు గదా. నువ్వు మారినావనుకున్నా."

"నేను మారేదేముండాది? నేనెప్పుడూ ఆ దరిద్రం తాగింది లేదు, మింగింది లేదు. నా దగ్గర దొరికింది సంచీ. మేడం పరీక్ష మూత్రానికే గదప్పా, మనిషికి కాదు" అన్నాడు నిస్సార్. అందులో గర్వం కూడా లేదు, తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నరేంద్ర జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో మాత్రల పొడి ఉంది. అష్ఫాక్‌కు దాని రంగు తెలుసు, దాని చేదు తెలుసు. దాన్ని మానడానికి వాడు చలిజ్వరం వచ్చినవాడిలా రాత్రుళ్లు వణికాడు, తల గోడకేసి కొట్టుకున్నాడు, తల్లి ఒళ్లో ముఖం పెట్టి ఏడ్చాడు. చేతిలో దబ్బనం దిగినప్పటి కంటే ఆ పొట్లాన్ని చూసినప్పుడే వాడికి ఎక్కువ భయమేసింది. ఎందుకంటే వాడి ఒళ్లు భయపడలేదు. నాలుక కింద నీళ్లూరాయి.

"నిన్ను సంపితే మేడం ఊరుకోదు. పోలీసులొస్తారు, మండీ అంతా తిరగేస్తారు" అన్నాడు నరేంద్ర, నిమ్మకాయ సోడాలో ఆ పొడి కలుపుతూ. "అందుకని ఆమె సేతనే నిన్ను లోపలికి పంపిస్తా. ఈ రోజు శుక్రవారం గదా. సాయంత్రం సీసా ఇస్తాది. అందులో మత్తు కనపడినాక నువ్వేం సెప్పినా నమ్మదు. లోపల మనోళ్లు ఉండారు, నీ కోసం ఎదురుసూస్తాంటారు."

"వద్దన్నా. అది మాత్రం వద్దు. కావాలంటే ఇంకో చెయ్యి తీసుకో."

ఆ మాట నరేంద్రకు నచ్చింది. నవ్వుతూనే వాడి ముక్కు మూశాడు. నిస్సార్ దవడ పట్టి నోరు తెరిచాడు. పళ్లు సీసా మూతికి తగిలి ఒకటి విరిగింది. రక్తం, సోడా, చేదు కలిసి గొంతులోకి దిగాయి. ఉమ్మబోతే మూతి మీద గుద్దారు. సీసా ఖాళీ అయ్యేదాకా అదే వరస.

నమాజు ముగిసి జనం రోడ్డెక్కే వేళకు షట్టరు లేచింది. నిస్సార్ జేబులోంచి టోపీ తీసి తలకు పెట్టుకుని, మసీదు నుంచి వచ్చే గుంపులో కలిసిపోయాడు.

రైలుకట్ట వెనక సందులో అష్ఫాక్ గోడలు పట్టుకుని నడిచాడు. దారిలో ఎవరూ వాణ్ని ఆపలేదు. చూసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాడనుకుని పక్కకు తప్పుకున్నారు. ఇంటి గడప మీద వాడు కూలబడితే రహమత్ బీ లోపలికి ఈడ్చుకుంది. ఏమైందని అడగలేదు. ఆ కళ్లు, ఆ జారిపోయే మాట ఆమెకు పాతవే. ఆమె మొదట వాడి చెంప మీద కొట్టింది. కొట్టాకే విరిగిన పన్ను, చేతిలో బెజ్జం చూసింది.

"యా అల్లా. ఎవురు చేసినారు బేటా?"

వాడు చెప్పాడు. నరేంద్ర, నిస్సార్, పొట్లాలు, సోడా అన్నీ చెప్పాడు. తనను వాళ్లు ఎందుకు అనుమానించారో మాత్రం చెప్పలేదు.

ఉప్పు నీళ్లు బిందెడు తాగించి, గొంతులో వేలు పెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కించింది రహమత్ బీ. కక్కిన ప్రతిసారీ వీపు నిమిరింది. నిద్రలోకి జారుతుంటే మొహం మీద చన్నీళ్లు కొట్టింది. ఎండ వాలేసరికి వాడు గోడకు ఆనుకుని కూర్చోగలిగాడు. మత్తు సగం దిగింది గానీ ఒంట్లోకి పోయింది పోయిందే.

వీధిలో బండి ఆగిన చప్పుడు వినబడింది.

నందిని చిత్తూరు దగ్గర చెరకు పండించే ఇంట పుట్టిన మనిషి. మాటలో బెల్లం మాత్రం తక్కువ. లోపలికి వస్తూనే వాణ్ని చూసి, గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత వచ్చి చాప మీద కూర్చుని సీసా తీసి ముందు పెట్టింది.

"సీసా అక్కర్లేదు మేడం" అన్నాడు అష్ఫాక్. "మత్తు జాడ వస్తాది. మాత్రలు."

ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది, అది కనబడకుండా కోపం తెచ్చుకుంది.

"నీ కోసం నేను కోర్టులో ఎన్ని మాటలు పడ్డానో తెలుసా నీకు?"

"నేను మింగలేదు మేడం. పోసినారు. నరేంద్ర, నిస్సార్."

"నిస్సారా?" ఆమె గొంతు గట్టిపడింది. "అష్ఫాక్, తప్పు చేసిన ప్రతివాడూ నా దగ్గర ఇదే చెబుతాడు, ఎవరో బలవంతాన పోశారని. కనీసం వేరే పేరు చెప్పుంటే బాగుండేది. నిస్సార్ నీ గురించి ఎప్పుడూ మంచే చెప్పాడు నాకు."

వాడు చెయ్యి చాపాడు. ఆమె చూసింది. దబ్బనం పోటు చుట్టూ చర్మం పాలిపోయి ఉబ్బి ఉంది. నిమ్మకాయ వాసన ఇంకా వస్తోంది. అయినా ఆమెలోని ఆఫీసరు ఒప్పుకోలేదు. మత్తులో కొట్టుకుని గాయాలు చేసుకున్నవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

"సరే, నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. వాళ్లకు నీ మీద అనుమానం ఎందుకొస్తుంది? నువ్వు నాకు ఏమీ చెప్పలేదు కదా. చెబుతున్నావని ఎందుకు అనుకున్నారు?"

అష్ఫాక్ తల దించుకున్నాడు. తల్లి ఎదురుగానే ఉంది. నాలుక కోసేసినా ఆ మాట చెప్పకూడదనుకున్నాడు. కానీ వాడి మౌనాన్ని రహమత్ బీ చదివేసింది. కొళాయి, నిస్సార్ తల్లి, తను అన్న మాట, అన్నీ ఒక్కొక్కటే ఆమె మొహంలోకి వచ్చాయి.

"నేనే మేడమ్మా" అంది. "నా నోరే."

ఇంకేమీ చెప్పకుండా కొంగు తల మీదికి లాక్కుని బయటికి నడిచింది. గడప బయట అరుగు మీద నిలబడింది. సాయంత్రం నీళ్లొచ్చే వేళ. కొళాయి దగ్గర వీధి ఆడవాళ్లంతా ఉన్నారు.

"అందరూ వినండమ్మా" అంది రహమత్ బీ. ఆ గొంతు లోపలున్న ఇద్దరికీ స్పష్టంగా వినిపిస్తోంది. "నా కొడుకు గవర్నమెంటు పనిలో లేడు. నేను అబద్ధం చెప్పినాను. వాడు గంజాయి మోసి పట్టుబడినోడు. మత్తు మాత్రలు మింగినోడు. ఈ మేడం మా ఇంటికి సుట్టమై రాలేదు, వాడి ఉచ్చ పట్టుకుపోయి పరీక్ష చేసేదానికి వస్తాది. వాడు ఎవురి మీదా ఏమీ చెప్పలేదు. పరువు కోసం నేనే కతలు చెప్పినాను. మీ కాళ్లకు మొక్కుతా, ఇది కూడా ఊరంతా చెప్పండి."

బిందె నిండి నీళ్లు కిందికి పోతున్నా ఎవరూ కొళాయి కట్టలేదు.

నందిని కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో చాప వేసి, పళ్లెం పెట్టి, ఇంకొంచెం తినమని ఆ తల్లి ఎందుకు బతిమాలేదో ఇప్పుడు అర్థమైంది. ఆమె తిన్న ప్రతి ముద్దనూ వీధి చూసింది. కాపాడటానికే తను ఇంత తరచుగా వచ్చింది. ఆ రాకపోకలే ఈ కుర్రవాడి చేతిని పొడిచాయి. పరువు తప్ప మరేమీ లేని మనిషి దాన్ని తీసుకెళ్లి నడివీధిలో పారబోసిందంటే, ఇక ఏ పరీక్షా అక్కర్లేదని ఆమెకు తెలిసింది.

"నమ్ముతున్నాను" అంది మెల్లగా. "ఏం చూశావో చెప్పు. తొందరగా."

"బస్తాల్లో అడుగున పొట్లాలు ఉండాయి మేడం. బస్తా మూతికి ఎర్రదారం కుట్టు ఉంటాది. పొద్దు గూకే ముందు లారీ పోతాది. పెద్ద రోడ్డున పోదు, చెక్‌పోస్టు ఉండాదని సత్యవేడు మీద తిప్పి సరిహద్దు దాటిస్తారు."

నందిని ఫోను తీసి తనకు తెలిసిన ఇన్‌స్పెక్టరుకు కలిపింది. లారీ, సత్యవేడు దారి, ఎర్రదారం అని మూడు మాటల్లో చెప్పేసింది. పెట్టేశాక చాప మీద పెట్టిన ఫోను వెలుగుతూనే ఉంది. బయట రహమత్ బీ ఇంకా చెబుతోంది, తన కొడుకు ఎవరి మీదా ఏమీ చెప్పలేదని. ఆమె ఆ మాట మొదలుపెట్టినప్పుడు అది నిజమే. ముగించేసరికి కాదు.

"సలాం ఖాలా" అని పిన్నిని పలకరించినట్టు రహమత్ బీని పలకరించే గొంతు అరుగు దగ్గర వినిపించింది.

నిస్సార్ లోపలికి వచ్చాడు. స్నానం చేసి అత్తరు పూసుకున్నాడు. చేతిలో తన సీసా ఉంది. రహమత్ బీ వాడి వెనకే వచ్చి, కొడుకుకూ వాడికీ మధ్య నిలబడింది.

"నమస్తే మేడం. మీరు ఇంకా మా ఇంటికి రాలేదని నేనే తీసుకొచ్చినాను."

"అక్కడ పెట్టు" అంది నందిని. గొంతు మామూలుగానే ఉంచగలిగింది. చేతులు మాత్రం కొంగు కింద దాచుకుంది. కేకలు పెడితే వీధిలో ఎంతమంది వాడి వాళ్లున్నారో ఆమెకు తెలియదు. లారీ దొరికేదాకా వీడికి అనుమానం రాకూడదు.

నిస్సార్ అష్ఫాక్ వైపు జాలిగా చూశాడు. "వీధిలో ఏందేందో అనుకుంటాండారు మేడం, వీడు ఎవురి మీదనో చెప్పినాడని. ఇప్పుడు ఖాలా వచ్చి లేదంటాంది. నాకు శానా సంతోషం." రహమత్ బీ వైపు తిరిగాడు. "ఖాలా, ముందొక మాట చెప్పినావు, ఇప్పుడొక మాట చెప్తాండావు. జనం ఏది నమ్మాల? వాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. నేనే పోయి అందరికీ చెప్తా. ఇంక వీడి జోలికి ఎవురూ రారు. నాదీ పూచీ."

వాడు అబద్ధం చెప్పడం లేదని అష్ఫాక్‌కు తెలుసు. నరేంద్ర ఎవర్నీ నమ్మడు గానీ, తల్లి కొడుకు తల మీద వేసిన ఒట్టును నమ్ముతాడు. అది గూడూరులోనూ, సత్యవేడులోనూ, హిందువుల ఇంట్లోనూ, తురకల ఇంట్లోనూ ఒకటే. అబద్ధపు ఒట్టు వేస్తే ఆ తల ఉండదని అందరూ నమ్ముతారు. ఒట్టు పడితే వీడు వెళ్లిపోతాడు. వీడికి సంగతి తెలిసేలోగా లారీ పట్టుబడుతుంది, పోలీసులు వచ్చేస్తారు. బతికిపోవచ్చు. కదలకుండా కూర్చుంటే చాలు.

రహమత్ బీ మొహం వెలిగింది. కొడుకును కాపాడటానికి దేవుడు ఇంత సులువైన దారి చూపించాడని ఆమె నమ్మింది. కళ్లు తుడుచుకుని, కొడుకు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "దీనికేముండాది బేటా. నిజం చెప్పేదానికి నాకేం భయం" అంది. ఈసారి నిజమే చెబుతున్నానన్న ధీమా ఆ గొంతులో ఉంది. అది విని నందిని మొహం తిప్పుకుంది.

తల్లి చెయ్యి పైకి లేచింది. కుంకుడుకాయ వాసన, పాత గాజుల చప్పుడు. చిన్నప్పుడు జ్వరం చూసిన చెయ్యి. రేపు ఈమెకు నిజం తెలుస్తుంది. కొడుకు తల మీద తప్పుడు ఒట్టు వేశానని తెలుస్తుంది. వాడికి చిన్న తలనొప్పి వచ్చినా, దెబ్బ తగిలినా, చచ్చిపోయినా, తన చెయ్యే చంపిందనుకుంటూ బతుకుతుంది. ఒక అబద్ధం ఆడినందుకే నడివీధిలో అంత పని చేసిన మనిషి, దీన్ని మోయలేదు. దబ్బనం పోటును, మాత్రల చేదును ఓర్చుకున్నవాడు దాన్ని ఓర్చుకోలేకపోయాడు.

అరచేయి జుట్టుకు తగలబోతుండగా అష్ఫాక్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. పొడిచిన చేత్తోనే పట్టుకున్నాడు. గాయం మళ్లీ తెరుచుకుని రక్తం ఆమె గాజుల మీదికి కారింది.

"వద్దు అమ్మీ" అన్నాడు.

రహమత్ బీ అర్థం కాక కొడుకు మొహంలోకి చూసింది. నిస్సార్‌కు అర్థమైంది. వాడు ఆ పట్టుకున్న చేతిని చూశాడు. తర్వాత నందినిని చూశాడు. తర్వాత చాప మీద, ఏదో మెసేజ్ వచ్చి మళ్లీ వెలిగిన ఫోనును చూశాడు.

వాడు వెనక్కి జరిగి, మధ్యాహ్నం షట్టరు దించిన చేత్తోనే తలుపు మూసి గడియ పెట్టాడు. నడుము దగ్గర చొక్కా ఎత్తి దబ్బనం తీశాడు.

"మేడం" అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా, "ఆ ఫోను ఇట్లియ్యండి."